కొత్తకుంట కొళాయి

గురువారం రాత్రి ఫహాహీల్‌లో
పెన్నా హోటల్ మేడ మీద
రెండున్నర దినార్లకి ఒక నాటకం, ఒక పొట్టేలు పులావు.
పెరుగుపచ్చడి కావాలంటే మళ్ళీ అడగొచ్చు.
నాటకం మాత్రం ఒక్కసారే.

నాకు రెండు పనులు.
కింద వంటింట్లోంచి పళ్ళేలు మోసుకురావడం,
పైన అటెండరు తిమ్మప్పనై ఛైర్మన్‌కి కాఫీ అందించడం.
రెండింటికీ ఒకటే యూనిఫారం సరిపోయింది.
అందుకే మూడో టేబులాయన
నేను డైలాగు మధ్యలో ఉండగా చొక్కా పట్టి లాగి
"తమ్మీ, నిమ్మకాయ" అన్నాడు.
"తెస్తా సార్, ముందు మా ఊరికి నీళ్ళు రానీ."
పెంచలయ్య రాసిన పదహారు పేజీల్లో లేని ఆ మాటకే
మొదటి నవ్వు వచ్చింది.
తెర వెనక అతను పళ్ళు నూరడం
ఎముకలు కొరికే చప్పుళ్ళ మధ్య కూడా వినపడింది నాకు.

కథ చిన్నది.
కొత్తకుంటలో కొళాయి పెడతారు.
ఛైర్మన్ వచ్చి రిబ్బను కత్తిరిస్తాడు. నీళ్ళు రావు.
మళ్ళీ పిలుస్తారు, మళ్ళీ రిబ్బను.
ఊరికి మిగిలేది రిబ్బన్లే,
బడి పిల్లల జడలన్నిటికీ సరిపోయేన్ని.

ఛైర్మన్ వేషం చెన్నకేశవులిది. పగలు క్రేను మీద ఉంటాడు.
అంత ఎత్తున ఒంటరిగా నాలుగు నెలలు వల్లించాడు.
ఒకరోజు వాకీటాకీ ఆపడం మరిచిపోతే
సైటంతా వినింది: "ప్రజలారా, మీ దాహం నా దాహం!"
మనవాడెవడో తర్జుమా చేసి చెబితే
ఫోర్‌మన్ పాపం పైకి నీళ్ళ సీసా పంపించాడట.

ఛైర్మన్ భార్య ఓబులమ్మ.
మంగఫ్‌లో ఒకరింట్లో వంట. తొమ్మిదిన్నరకల్లా గేటు లోపల ఉండాలి.
అందుకని మూడో అంకంలోని పోట్లాట
మొదటి అంకంలోకి వచ్చింది.
మొగుడు ఏ తప్పూ చేయకముందే
చీపురు తిరగేసి ఏకిపారేసింది.
ఎవరికీ వింతనిపించలేదు.
"కారణం వెనక వస్తాదిలే" అంది ఆడవాళ్ళ వరసలోంచి ఒక గొంతు.
ముఖం రంగు కడుక్కోకుండానే ఆమె మెట్లు దిగింది.
చప్పట్లు అందేసరికి
టాక్సీ తలుపు వేసుకుని ఉంటుంది.

ఇక మూడో ప్రారంభోత్సవం.
ఛైర్మన్ కొళాయి తిప్పాడు.
బుస్సుమని గాలి రావాలి.
ఆ బుస్సు నేను నోటితో ఊదాలి.
ఊపిరి బిగించానో లేదో
సీలింగులో ఏసీ కారింది.
చుక్క కాదు, ధార.
సరిగ్గా ఛైర్మన్ అద్దె విగ్గు మీద.

ఎవ్వరూ నవ్వలేదు.
ముద్దలు నోటి దారిలో ఆగిపోయాయి.
నాలుగు టేబుళ్ళ దగ్గర నలుగురు
ఒక్కసారే లేచి నిలబడ్డారు, జేబులో టెస్టరు తడుముకుంటూ.
నలుగురూ ఏసీ మెకానిక్కులే.
ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.
"డ్రైన్ పైపు" అన్నాడొకడు.
"కాదు, గ్యాసు అయిపోయింటాది" అన్నాడింకొకడు.
అప్పుడు విరిగిపడింది హాలు.
భాష తెలియని రఫీకుల్ కూడా
సబ్బు చేతులతో గుమ్మంలో నిలబడి
కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాడు.

చెన్నకేశవులు ముఖం తుడుచుకోలేదు.
తడిసిన చేతులు పైకెత్తి
"చూశారా! నేను చెప్పలా!" అన్నాడు.
ఇదీ పేజీల్లో లేదు.

అందరూ వెళ్ళాక
పెంచలయ్య బియ్యం బస్తా మీద కూర్చుని ఉన్నాడు.
"నీళ్ళు రాకుండానే అయిపోవాల్రా నాటకం" అన్నాడు,
"మా ఊళ్ళో ఇంకా రాలేదు."
ఏం చెప్పాలో తెలియక
ధార కింద పెట్టిన బకెట్టు చూపించాను.
ముప్పావు నిండింది.
ఇద్దరం కాసేపు దాన్నే చూశాం.

ఆ నీళ్ళతోనే
రాత్రి ఒంటిగంటకి హాలు కడిగాను.
మూడో టేబులు కింద తుడుస్తుంటే గుర్తొచ్చింది,
ఆయనకి నిమ్మకాయ ఇవ్వనే లేదు.